ఇంటికి వచ్చిన చెట్టుకప్ప

ఆస్ట్రేలియా ఖండమునకు ఈశాన్యమున క్వీన్స్‌లాండ్ అను రాష్ట్రము కలదు. అచ్చటి టుల్లీ, ఇన్నిస్‌ఫెయిల్ పట్టణముల చుట్టును విస్తారమైన అరటితోటలు కలవు. ఆ దేశమున పండు అరటిపండ్లలో అధికభాగము ఈ ప్రాంతమునుండియే వచ్చును. గెలలను కోసి, అత్తములుగా విడదీసి, అట్టపెట్టెలలో అమర్చి లారీలమీద దక్షిణమున నున్న సిడ్నీ మొదలగు నగరములకు పంపుదురు. ఆ ప్రయాణము 2,000 కిలోమీటర్లకు పైబడి యుండును. సిడ్నీలోని దుకాణదారుడు పెట్టె మూత తెఱచినప్పుడు, ఒక్కొక్కసారి పండ్ల నడుమ ఆకుపచ్చని చిన్నప్రాణి యొకటి కాళ్ళు ముడుచుకొని కూర్చుండి కనబడును. అది చెట్టుకప్ప.

ఆ కప్పను చూచిన దయాళువునకు మొదట తోచు ఆలోచన యొకటే. దగ్గఱనున్న తోటలోనో, చెఱువుగట్టుననో దానిని విడిచిపెట్టవలెనని యతడు తలచును. ఆలోచన మంచిదే కాని, ఆ పని మంచిది కాదు. ఒక ప్రాంతపు కప్ప మఱియొక ప్రాంతమునకు రోగబీజములను మోసికొని పోవచ్చును. అది ఏ తోటలో, ఏ కాలువగట్టున పుట్టినదో చెప్పగలవారు లేరు గనుక దానిని తిరిగి పంపుటయు సాధ్యము కాదు. అందుచేత ఇట్లు దారితప్పి వచ్చిన కప్పలను స్వీకరించి, కొంతకాలము వేఱుగా నుంచి, పిమ్మట అనుమతిపత్రము గలవారికి పెంపకమునకిచ్చు స్వచ్ఛంద సంఘములు ఆస్ట్రేలియాలో కలవు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున కప్పలను, తోకకప్పలను అధ్యయనము చేయుటకై ఏర్పడిన సంఘము అట్టివానిలో నొకటి.

అట్లు ఒక కప్ప ఒక యింటికి చేరును. అది కోరి వచ్చినది కాదు; తిరిగి పోగలిగినదియు కాదు. ఇకమీదట ఆ యింటిలోని గాజుపెట్టెయే దానికి అడవి. పెంచువాడు చిలుకరించిన నీరే దానికి వాన. కుక్కకు ఆకలి వేసినచో మొఱగును. పిల్లి యజమాని కాళ్ళ చుట్టును తిరుగును. చిలుక అఱచి గోల చేయును. కప్ప ఏమియు అడుగదు. అడుగని ప్రాణి యవసరములను ముందుగనే తెలిసికొని మసలుకొనుట దాని పెంపకములోని కష్టము.

చెట్లపై నివసించు కప్పలలో వందలకొలది జాతులు కలవు. ఇండ్లలో పెంచబడువానిలో మిక్కిలి పేరుపొందినది ఆస్ట్రేలియా ఆకుపచ్చ చెట్టుకప్ప. పండ్లపెట్టెలలో నగరములకు వచ్చు జాతులలో ఇదియు నొకటి. ఆస్ట్రేలియా ఉత్తర, తూర్పు భాగములును, న్యూగినీ ద్వీపపు దక్షిణభాగమును దీని జన్మస్థానములు. బ్రిటన్, అమెరికా మొదలగు దేశములలో ఈ జాతిని ఇండ్లలోనే గ్రుడ్లు పెట్టించి, పిల్లలను పొదిగించి తరతరములుగా పెంచుచున్నారు. అరటిపెట్టెలో వచ్చినదైనను, పెంపకదారుని యొద్ద కొన్నదైనను, దానిని సాకు విధానము ఒక్కటే.

ఈ కప్పను గుఱించి మొదట గ్రంథస్థము చేసినవాడు జాన్ వైట్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు. 1788లో ఆంగ్లేయులు సిడ్నీ తీరమున తమ మొదటి వలసను నెలకొల్పినపుడు అతడు వారికి ప్రధాన వైద్యుడు. 1790లో లండనున ప్రచురింపబడిన అతని యాత్రాగ్రంథమున ఈ కప్ప వర్ణన కలదు. అందుచే దీనికి ‘వైట్ చెట్టుకప్ప’ యను పేరు నేటికిని నిలిచియున్నది. దీని శాస్త్రీయ నామములో ‘నీలవర్ణము గలది’ యను అర్థమునిచ్చు లాటిను పదము చేరియుండుట వింత. పచ్చని కప్పకు నీలమను పేరేల వచ్చెను? బ్రతికియున్న కప్ప చర్మమున పసుపువన్నెయు, నీలివన్నెయు కలియుటచేత అది ఆకుపచ్చగా కనబడును. సారాలో భద్రపఱచి ఇంగ్లండునకు పంపిన కప్పలలో పసుపువన్నె నశించి నీలివన్నె మాత్రమే మిగిలినది. బ్రతికియున్న కప్పను చూడనివారు దానికి పేరు పెట్టిరి. ఆ పేరే స్థిరపడినది.

ఎదిగిన కప్ప పది సెంటీమీటర్ల వఱకు పొడవుండును. ఆడుది మగదానికంటె పెద్దది. దీని కాలివ్రేళ్ళ కొనలయందు గుండ్రని బిళ్ళలు కలవు. ఆ బిళ్ళల అడుగుభాగము ఆఱు కోణములు గల సన్నని కణములతో నిండియుండును. కణముల నడుమ నున్న సందులలో పలుచని జిగటనీరు పాఱుచుండును. ఆ తడిచేతనే కప్ప నిలువు గాజుపలకమీద సహితము జాఱకుండ ఎగబ్రాకగలదు. పగటివేళ అది ఏ మూలనో కన్నులు మూసికొని నిద్రించును. చీకటి పడిన పిమ్మట వేటకు బయలుదేరును. క్వీన్స్‌లాండులో ఇది యిండ్లలోనికి స్వేచ్ఛగా వచ్చుచుండును. వాననీటి గొట్టములు, నీటితొట్లు, మరుగుదొడ్లు, తుదకు ఉత్తరముల పెట్టెలు కూడ దానికి నివాసములే.

కప్పను పెంపదలచినవాడు అన్నిటికంటె ముందు తెలిసికొనవలసినది దాని చర్మమును గుఱించి. మానవుని చర్మము నీటిని లోనికి పోనీయదు. కప్ప చర్మమో, పలుచనై, తడియై, నీటికిని గాలికిని త్రోవనిచ్చుచుండును. కప్ప నోటితో నీరు త్రాగదు. తడినేలపై కూర్చుండి, పొట్ట అడుగుననున్న చర్మముద్వారా నీటిని పీల్చుకొనును. దానికి ఊపిరితిత్తులున్నను, శ్వాసక్రియలో కొంతభాగము చర్మమువలననే జరుగును. రక్తములోని లవణముల పాలు సరిగా నుండుటకును ఆ చర్మమే ఆధారము. ఇట్టి చర్మమును తాకిన ప్రతి పదార్థమును కప్ప శరీరములోనికి చేరవచ్చును. చేతినంటిన సబ్బు, నూనె, అత్తరు, ఉప్పు మనకు హానిచేయవు; కప్పకు విషమగును. దాని పెంపకములోని నియమము లన్నియు ఈ యొక్క విషయమునుండియే పుట్టినవి.

ఆ చర్మమునుండి కప్ప తన రక్షణకై కొన్ని రసములను స్రవించును. వానిలో సూక్ష్మజీవులను చంపునవి కలవు. తినవచ్చిన జంతువునకు వెగటు కలిగించునవియు కలవు. 1960ల దశకమున ఇటలీ శాస్త్రజ్ఞుడగు విట్టోరియో ఎర్‌స్పామర్, అతని సహచరులు ఈ కప్ప చర్మమునుండి సెరులీన్ అను పదార్థమును వేఱుచేసిరి. అది పిత్తాశయమును ముడుచుకొనజేయును. ఆ గుణమునుబట్టి మనుష్యులలో పిత్తాశయము పనితీరును పరీక్షించుటకు వైద్యులు దానిని వాడిరి. ఇంత చిన్న ప్రాణి చర్మము వైద్యశాస్త్రమునకు అంతటి మేలు చేసినది.

కప్ప యింటికి వచ్చుటకు ముందే దాని నివాసము సిద్ధమై యుండవలెను. చెట్టుకప్పకు కావలసినది వెడల్పుకంటె ఎత్తు. నలుబదియైదు సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అఱువది సెంటీమీటర్ల ఎత్తు గల గాజుపెట్టె ఎదిగిన కప్ప యొకదానికి చాలును. పైన సన్నని వలతో చేసిన మూత యుండవలెను. మూత లేనిచో తెల్లవాఱునప్పటికి పెట్టె ఖాళీగా కనబడును. మూత పూర్తిగా మూసియున్నచో గాలి నిలిచిపోయి బూజు పట్టును. పెట్టె లోపల కప్ప బరువునకు వంగని కొమ్మలను ఏటవాలుగా నిలుపవలెను. కొమ్మలకు మొనలుగాని, గరుకుపెచ్చులుగాని ఉండరాదు. పగటివేళ దాగుటకు వెడల్పాటి ఆకులు గల మొక్కయో, బెరడుముక్కయో అమర్చవలెను. దాగుటకు చోటులేని కప్ప భయమున కృశించును.

పెట్టె అడుగున చిన్నచిన్న గులకరాళ్ళను పోయుట అలవాటు. అది ప్రమాదకరము. కప్ప పురుగుమీదికి దూకి నోట కఱచునపుడు దానితోపాటు రాయి కూడ లోపలికి పోవును. అట్లు మ్రింగిన రాయి ప్రేగులకు అడ్డుపడి ప్రాణము తీయవచ్చును. క్రొత్తగా వచ్చిన కప్పకు మొదటి కొన్ని వారములు తడిపిన తెల్లకాగితమే చక్కని పఱుపు. దానిమీద పడిన మలమును చూచి కప్ప యారోగ్యమును తెలిసికొనుటయు, ఎప్పటికప్పుడు కాగితమును మార్చుటయు సులభము. సువాసన గల కఱ్ఱపొట్టును, ఎరువులు కలిపిన మట్టిని ఎన్నడును వాడరాదు.

కప్ప శరీరమునకు తన వేడిమి తనకు లేదు; చుట్టుప్రక్కల వేడిమియే దాని వేడిమి. ఈ జాతికప్పకు పగలు 24 మొదలు 28 డిగ్రీల సెంటీగ్రేడు వఱకును, రాత్రి అంతకంటె కొలది డిగ్రీలు తక్కువగను ఉండుట మేలు. శీతలదేశములలో పెట్టె ప్రక్కగోడకు వెలుపల ఒక విద్యుత్తాపక ఫలకమును అంటించి, వేడిమి మితిమీఱకుండ థర్మోస్టాట్ అను నియంత్రణ పరికరమును అమర్చుదురు. ఒక ప్రక్క వెచ్చగను, రెండవ ప్రక్క చల్లగను ఉన్నచో కప్ప తనకు నచ్చిన చోటికి తానే పోవును. పెట్టెను కిటికీ ప్రక్కన ఎండలో ఉంచుట మాత్రము ఘోరమైన పొరపాటు. గాజు లోనికి వచ్చిన యెండ వేడిగా మాఱి బయటికి పోలేదు. కొలది సేపటిలోనే కప్ప మరణింపవచ్చును.

ఉదయము, సాయంకాలము పెట్టె లోపల సన్నని తుంపరగా నీరు చిలుకరింపవలెను. రెండు చిలుకరింపుల నడుమ కొమ్మలు, ఆకులు ఆఱుటకు వ్యవధి యుండవలెను. ఎడతెగని తడి, కదలని గాలి చర్మవ్యాధులకు పుట్టినిండ్లు. పండ్రెండు గంటలు వెలుతురు, పండ్రెండు గంటలు చీకటి ఉండునట్లు చూడవలెను. ఎముకల గట్టిదనమునకు స్వల్పముగా అతినీలలోహిత కిరణములనిచ్చు దీపము ఉపకరించును. అట్టి దీపమున్నపుడు నీడపట్టు కూడ ఉండితీరవలెను.

ఇక నీటి సంగతి. కప్ప తన చర్మముద్వారా త్రాగునదియు, స్నానము చేయునదియు ఆ నీటనే. కనుక ఒక వెడల్పైన లోతులేని పళ్ళెమున, కప్ప గడ్డము మునుగనంత మాత్రమే నీరు పోయవలెను. పట్టణములలో కుళాయినీటిని శుద్ధిచేయుటకు క్లోరిను కలుపుదురు. అది మనలను రోగములనుండి కాపాడును గాని కప్ప చర్మమును కాల్చును. క్లోరిను మాత్రమే కలిపిన నీటిని మూతలేని పాత్రలో ఒక దినము నిలువయుంచినచో అది ఎగిరిపోవును. కొన్ని నగరములలో క్లోరమీను అను వేఱొక పదార్థమును కలుపుదురు. అది నిలువయుంచినంత మాత్రమున పోదు. చేపల తొట్లకొఱకు అమ్ము నీటిశోధక ద్రవమును కలిపి దానిని పోగొట్టవలెను. కప్ప తఱచుగా ఆ పళ్ళెములోనే విసర్జించును. విసర్జించిన దానినుండి పుట్టిన అమోనియా మరల ఆ చర్మముద్వారానే లోనికి పోవును. అందుచే నీటిని ప్రతిదినమును మార్చవలెను; మురికి పడినచో ఆ దినముననే రెండవమాఱు మార్చవలెను.

ఇవియన్నియు సిద్ధమైన పిమ్మట కప్పను తేవలెను. దారిలో దానిని గాలిరంధ్రములు గల చిన్న డబ్బాలో, తడిపిన మెత్తని కాగితముపై కూర్చుండబెట్టి, ఎండ తగులకుండ తీసికొనిరావలెను. ఇంటికి రాగానే డబ్బాను గాజుపెట్టెలో నుంచి మూత తీసి వెడలిపోవుటే మంచిది. కప్ప తనంతట తాను బయటికి వచ్చును. ఈ మొదటి దినములే పెంచువానికి పరీక్ష. ఇంటనున్న పిల్లలందఱు పెట్టె చుట్టును మూగుదురు. ఒకరు గాజుపై తట్టుదురు. మఱియొకరు చేతిలోనికి తీసికొన గోరుదురు. ఇరుగుపొరుగువారు చూడవత్తురు. కప్పకు తెలిసినదల్లా ఒక్కటే: తనకంటె అనేకరెట్లు పెద్దవియగు జంతువులు తనను చుట్టుముట్టినవి. అట్టి భీతిలో అది ఆహారము ముట్టదు. దాని రోగనిరోధకశక్తి సన్నగిల్లును. మొదటి వారమంతయు నీరు మార్చుట, ఆహారము వేయుట తప్ప దాని జోలికి పోకుండుటే దానికి చేయదగిన ఉపచారము.

రెండవనాటి రాత్రి దీపమార్పిన పిమ్మట రెండు మూడు కీచురాళ్ళను పెట్టెలో విడువవచ్చును. అవి తెల్లవాఱువఱకు మిగిలియున్నచో తీసివేయవలెను. ఆకలిగొన్న కీచురాయి నిద్రించుచున్న కప్పనే కొఱుకును. మొదటి కొన్ని దినములు కప్ప తినకున్నను తొందరపడరాదు. వారము గడచినను ముట్టనిచో, జంతువులను, అందును కప్పలను ఎఱిగిన పశువైద్యునకు చూపవలెను.

కప్ప కదలుచున్న ప్రాణిని మాత్రమే ఆహారముగా గుర్తించును. కీచురాళ్ళు, బొద్దింకలు, మిడుతలు, వానపాములు దానికి ప్రీతి. పురుగు కప్ప రెండు కన్నుల నడుమ నున్న వెడల్పునకు మించియుండరాదు. తోటలోనో, వీథిదీపము క్రిందనో పట్టిన పురుగులు మందుచల్లిన పొలమునుండి వచ్చియుండవచ్చును గనుక పెంపకపు పురుగులనే వాడవలెను. పురుగుల శరీరమున సున్నపుపాలు తక్కువ. అందుచే వేయుటకు ముందు వానికి కాల్సియము, డి విటమిను గల పొడిని అద్దవలెను. ఈ జాగ్రత్త మఱచినచో కొలది మాసములలోనే కప్ప యెముకలు మెత్తబడి, దవడ వంగి, దూకుటకైనను శక్తి లేకపోవును. కప్ప మ్రింగు విధము చూడదగినది. నోట పట్టిన పురుగును లోనికి నెట్టుటకు అది కన్నులు గట్టిగా మూయును. అప్పుడు కనుగ్రుడ్లు లోనికి దిగి ఆహారమును గొంతులోనికి త్రోయును.

ఎదుగుచున్న పిల్లకప్పకు ప్రతిదినమును, ఎదిగినదానికి వారమునకు రెండు మూడు పర్యాయములును ఆహారము చాలును. ఇచ్చటనే అనేకులు పొరపడుదురు. మొదటి వారము భయపడి ముడుచుకొన్న కప్ప, తరువాత ఎంత వేసినను తినును. అది తినుచుండుట చూడ ముచ్చటగా నుండును. పిల్లలు మఱియొకటి, మఱియొకటి యని వేయుచుందురు. అడవిలో పురుగులు దొఱకిన నాడు దొఱకును, దొఱకని నాడు లేదు; అందుచే ఎదుటికి వచ్చినదానిని వదలకుండుట దాని స్వభావము. గాజుపెట్టెలో దొఱకని నాడన్నది లేదు. వైట్ చెట్టుకప్పకు క్రొవ్వు పట్టు గుణము మఱింత ఎక్కువ. కన్నులపైనున్న చర్మపు మడతలు ఉబ్బి, క్రమముగా కన్నులను కప్పివేయును. కొమ్మ యెక్కలేక అది నేలనే కూర్చుండును. అట్టి కప్పను చూచి బొద్దుగా నున్నదని సంతోషించువారు కలరు. అది వ్యాధిలక్షణము.

కావున వారమున కొకసారి కప్పను తూచి, బరువును ఒక పుస్తకమున వ్రాసియుంచుట మంచిది. ఎంత ప్రయత్నించినను కుదురుపడని పనిని తెలుగువారు ‘కప్పల తక్కెడ’ యందురు. తక్కెడలో వేసిన కప్ప ఒకటి నిలువగా రెండవది దూకును గదా! ఇచ్చట ఉపాయము సులభము. మూతగల తేలికడబ్బాను ముందుగా తూచి, కప్పను అందులోనికి పోనిచ్చి మరల తూచి, మొదటి బరువును తీసివేయవలెను. బరువు వారమువారమును తగ్గుచున్నను, పెరుగుచున్నను ఆ పుస్తకమే ముందుగా హెచ్చరించును.

శుభ్రము చేయుటయందును మెలకువ కావలెను. ప్రతిదినమును మలమును, చచ్చిన పురుగులను తీసివేయవలెను. నెలకొక పర్యాయము పెట్టెనంతయు వేడినీటితో కడుగవలెను. సబ్బు వాడరాదు; దాని యవశేషము గాజుకంటి కప్పకు కీడు చేయును. ఆ సమయమున కప్పను వేఱొక డబ్బాలో నుంచుటకు తాకక తప్పదు. అప్పుడు చేతులను సబ్బుతో కడిగి, సబ్బు మిగులకుండ మంచినీటితో పలుమాఱులు కడిగికొని, క్లోరిను లేని నీటితో తడిపి, మృదువుగా పట్టుకొనవలెను. పొడి లేని చేతితొడుగులను తడిపి ధరించుట ఇంకను మేలు. పని ముగియగానే మరల పెట్టెలో విడువవలెను. కప్పకు నిమిరించుకొనుట యందు ప్రీతి లేదు. చేతిలో కదలక కూర్చున్నది గదా, మచ్చికైనదని తలచుట పొరపాటు. భయమువలనను ప్రాణులు కదలకుండును.

కప్పను ముట్టిన పిమ్మటను, దాని నీటిని మార్చిన పిమ్మటను పెంచువాడు తన చేతులను సబ్బుతో శుభ్రముగా కడుగుకొనవలెను. ఆరోగ్యముగా నున్న కప్ప శరీరముపైన కూడ సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులుండవచ్చును. 2009 మొదలు 2011 వఱకు అమెరికాలో ఇండ్లలో పెంచిన ఒక జాతి చిన్న నీటికప్పల మూలమున ఆ రోగము వ్యాపించి, ముఖ్యముగా చిన్నపిల్లలు బాధపడిరి. అందుచే కప్పపెట్టెను వంటయింట కడుగరాదు. అయిదేండ్లలోపు పిల్లలను దానిని తాకనీయరాదు.

కప్ప తన బాధను చెప్పదు గనుక పెంచువాడే కనిపెట్టవలెను. తొడల లోపల, పొట్ట అడుగున ఎఱ్ఱదనము, మాటిమాటికి ఊడు చర్మము, పట్టపగలు నేలపై సోలియుండుట, వెలకిల వేసినచో తిరుగలేకపోవుట, నీటి పళ్ళెమును విడిచి రాకుండుట, వీనిలో ఏది కనబడినను వెంటనే పశువైద్యుని సంప్రదింపవలెను. అప్పుడప్పుడు కప్ప పాతచర్మమును విడిచి, దానిని నోటితో లాగికొని తినుట మాత్రము సహజమే, దానికి భయపడనక్కఱలేదు. ఇదివఱకే ఇంట కప్ప యున్నచో, క్రొత్తదానిని కనీసము ఒకటి రెండు మాసములు వేఱొక గదిలో వేఱొక పెట్టెలో నుంచవలెను. మొదట పాతదాని పని ముగించి, తరువాతనే క్రొత్తదాని పని చూడవలెను. వేఱువేఱు జాతులను ఒక్క పెట్టెలో కలుపరాదు. ఒకదాని చర్మరసము మఱియొకదానికి విషము కావచ్చును. పెద్దది చిన్నదానిని మ్రింగుటయు కలదు.

ఇంత జాగ్రత్త యేల యను ప్రశ్నకు ఒక మహాసంకటము సమాధానము. కప్పల చర్మమునకు పట్టు కైట్రిడ్ అను బూజువ్యాధిని శాస్త్రజ్ఞులు 1998లో బయటపెట్టిరి. ఆ బూజు చర్మమున పెరిగి, రక్తమునకు కావలసిన లవణములను చర్మము నిలుపలేకుండ చేయును. తుదకు గుండె ఆగిపోవును. కప్పలను ఒక దేశమునుండి వేఱొక దేశమునకు తరలించు వర్తకము ఈ రోగము వ్యాపించుటకు తోడ్పడినది. కనీసము 501 జాతులు ఈ రోగముచేత క్షీణించినవనియు, వానిలో 90 జాతులు అంతరించినట్లే యనియు 2019లో ప్రకటింపబడిన అంతర్జాతీయ పరిశోధనలో తేలినది. సిడ్నీలో అరటిపెట్టెనుండి దిగిన కప్పను తోటలో విడువరాదనుటకు కారణ మిదియే. పెంపుడుకప్ప మునిగిన నీటిని కాలువలో పాఱబోయరాదనుటకును ఇదియే కారణము. విసుగుపుట్టిన పెంపుడుకప్పను చెఱువులో విడిచినవాడు ఒక్క కప్పకు స్వేచ్ఛ నిచ్చితినని తలచును. ఆ చెఱువులోని కప్పలన్నిటికిని అతడు మృత్యువును తెచ్చియుండవచ్చును.

విసుగు పుట్టుటకు వ్యవధియు చాలినంత కలదు. చక్కగా సాకిన వైట్ చెట్టుకప్ప పదునాఱేండ్లు జీవించుట సామాన్యము. ఇరువది యేండ్లు దాటినవియు కలవు. ఎనిమిదవ తరగతి చదువు బాలుడు నేడు కప్పను తెచ్చినచో, అతని చదువు ముగిసి, ఉద్యోగము దొఱకి, వివాహము జరిగిన పిమ్మట కూడ ఆ కప్పకు ప్రతిదినమును నీరు మార్చవలసియుండును. అతడు వేఱొక యూరికి పోయినచో ఆ పని ఎవరు చేయుదురు? ఈ ప్రశ్నకు జవాబు దొఱకిన పిమ్మటనే కప్పను తేవలెను. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ మొదలగు రాష్ట్రములు కప్పను పెంచుటకు అనుమతిపత్రము కావలెనని శాసించుటయు, బ్రతికియున్న స్వదేశీయ జంతువులను వ్యాపారమునకై విదేశములకు పంపుటను ఆ దేశము నిషేధించుటయు ఇట్టి బాధ్యతను గుర్తించుటచేతనే.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలోను చెట్టుకప్ప కలదు. వానకాలమున స్నానపుగది గోడపైనను, నీటికుండల వెనుకను అంటుకొని కూర్చుండు గోధుమవన్నె కప్ప అదియే. అది నీటిపైకి వ్రాలిన కొమ్మలకో, నీటితొట్టి గోడలకో తెల్లని నురుగుగూడు కట్టి అందు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లనుండి వెడలిన తోకకప్పలు క్రింది నీటిలోనికి జాఱిపడును. దానిని పట్టి పెట్టెలో పెట్టవలసిన పని లేదు. దోమలను, పురుగులను తినుచు అది ఇంటివారికి మేలే చేయుచున్నది. చీపురుతో కొట్టకుండుటయు, దానిపై ఫినాయిలు పడకుండ చూచుటయు చాలును.

అడవికి మరల పోలేని సిడ్నీలోని ఆ కప్ప సంగతి వేఱు. దానికి మానవుని సంరక్షణము తప్పనిసరి. మొదటి మాసమున అది గాజుపెట్టె మూలనే పడియుండును. పెంచువాడు ప్రతిసాయంకాలమును నీరు చిలుకరించి, పళ్ళెము కడిగి, దూరముగా పోయి కూర్చుండును. క్రమముగా దీపమార్పకముందే కప్ప కొమ్మపైకి వచ్చుట నేర్చుకొనును. ఒకనాటి రాత్రి, తుంపర ఆకులపై పడుచుండగా, అది మగకప్ప యైనచో గొంతు ఉబ్బించి బిగ్గరగా కూయ నారంభించును. క్వీన్స్‌లాండులో తొలకరి వానకు వాననీటి గొట్టములనుండి వినవచ్చు కూత అదియే. అడవిలో వాన పడునపుడు చేయు పనిని అది ఆ గాజుపెట్టెలో చేయుచున్నది. పెంచువానికి దక్కు ప్రతిఫలము అంతమాత్రమే. ఇన్ని దినములు చేయి చాపక, కన్నులతోనే కాచుకొన్నవానికి అది చాలును.